బత్తాయిల సంచితో పాటు

నల్లగొండ, ఆదివారం

బిడ్డా శైలజా,

రాములు మామ రేపు హైదరాబాద్ వస్తున్నాడంటే బత్తాయిలు పంపుతున్నాను. సంచి అడుగున తొక్కు సీసా ఉంది, మూత వదులు, పైలం. నువ్వు ఫోన్ చేసి పన్నెండు రోజులైంది. ఆఫీసు పని ఉంటుందిలే, నేనేమీ అనడం లేదు.

నాన్న మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. చిన్నోడు బోరు మోటరు మళ్లీ కాలబెట్టాడు. మొన్న పెండ్లిలో మీ అత్తమ్మ పక్కన కూర్చుని, "మీ అమ్మాయికి గుడ్లు తక్కువున్నాయట కదా వదినా" అన్నది. నోట్లో ముద్ద దిగలేదు. ఆమెకు తెలిసింది, నాకు తెలియలేదు. సరే, పోనీ.

ముప్పై ఏండ్లు ఏఎన్ఎంగా ఊర్లు తిరిగినా మా కాలంలో ఈ ఏఎంహెచ్ రక్తపరీక్ష లేదు. పద్మ కూతురు డాక్టరమ్మను అడిగి వచ్చాను, నీ పేరు చెప్పలేదులే. గుడ్లు ఎన్ని మిగిలాయో అది అంచనా చెప్తుందట గానీ, గుడ్డు మంచిదో కాదో చెప్పదట. మన తోటలో చెట్టు కింద నిలబడి కాయలు లెక్కపెట్టొచ్చు, తీపి కోస్తేనే కదా తెలిసేది. పిల్లల కోసం అప్పుడే మొదలుపెట్టిన 30 నుంచి 44 ఏండ్ల ఆడవాళ్లను చూసి 2017లో అమెరికావాళ్లు రాశారట: ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లూ మిగతావాళ్ల లాగానే నెల తప్పారని. ఐవీఎఫ్‌కు పోతే సూదులకు ఎన్ని గుడ్లు వస్తాయో చూసుకోవడానికి మాత్రం ఆ లెక్క అక్కరకొస్తుంది.

నువ్వు వాడిన మాత్రలు ఆపి ఎన్నాళ్లైంది? గర్భం రాకుండా వేసుకునే మాత్రలతో కూడా ఏఎంహెచ్ తగ్గి కనపడుతుంది. ఏఎంహెచ్ కోసం రక్తం ఏ రోజు ఇచ్చినా సరే, ఇంకో హార్మోను పరీక్ష ఎఫ్ఎస్‌హెచ్‌కు మాత్రం నెలసరి రెండో రోజో మూడో రోజో రక్తమివ్వాలి. స్కానింగ్‌లో ఫాలికల్స్, అంటే గుడ్లుండే చిన్న సంచులు, కూడా లెక్కపెట్టించు. థైరాయిడ్ చూశారా? పొద్దున తినకుండా ఆఫీసుకు పోవడం ఇంకా ఉందా? చూడు, మళ్లీ మొదలుపెట్టాను.

సరోజ పిన్ని గుర్తుందా? మిర్యాలగూడలో ఆరేండ్లు ఒక్క సీమంతానికి పిలవలేదు ఆమెను. ప్రతి అమావాస్యకూ చెరువుగట్టు రామలింగేశ్వరుని గుడి దగ్గర పడుకోబెట్టారు. నాటు మందులు తాగి తాగి కడుపులో మంట. చిన్నాయనకు రెండో సంబంధం కూడా చూశారు, ఆ పిల్ల మన వెంకన్న మరదలే. చివరికి ఒక డాక్టరు "ముందు మీ ఆయన్ను తీసుకురా" అన్నాడు. లోపం ఆయనలో ఉంది. కోపంతో ఆ కాగితం సాగర్ కాలువలో పారేసి వచ్చాడు మహానుభావుడు! మందులకు ఒప్పుకోవడానికి ఇంకో రెండేండ్లు పట్టింది. అప్పటికి పిన్నికి 34. ఆ రెండేండ్లకు నాకు ఇప్పటికీ కోపమే.

అల్లుడి పరీక్ష అయిందా? అది మీ అత్తమ్మ చెప్పలేదు.

అట్లని కూర్చోమనడం లేదు. 35 దాటితే ఆరు నెలలకు మించి ఆగొద్దంటారు, నీకు 33 నిండుతున్నాయి. రిపోర్టు ఫోటో వాట్సాప్‌లో పెట్టు, డాక్టరమ్మకు చూపిస్తా. వద్దనుకుంటే పెట్టకు. బత్తాయిలు అందాయని మాత్రం ఫోన్ చెయ్యి. సంచి మామతోనే తిరిగి పంపు.

అమ్మ