చేలో దొరికిన రాయిని కడగొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది రేణిగుంట దగ్గర పల్లె. పోయిన కార్తీకంలో చెనిక్కాయ చెట్లు పీకుతుంటే మా ఆవిడ చేతికి వేళ్ల మట్టితోపాటు ఒక పలుగురాయి ముక్క వచ్చింది. చిటికెనవేలి గోరంత ఉంది. ఒక అంచు సూటిగా, కాయితం తెగేంత పదును. రెండో అంచు నెలవంకలా వంగి, సన్నసన్న పెచ్చులు లేచి మొద్దుగా ఉంది. మా వాడు సెల్లులో ఫొటో తీసి వెతికితే బాణం మొన అని చెప్పి, అమెరికాలో దొరికే మూడుమూలల మొనల బొమ్మలు చూపించింది. మా రాయి పోలిక వాటిలో ఒక్కదానికీ లేదు.

తిరుపతిలో పాతకాలపు రాతి పనిముట్ల గురించి చదువు చెప్పే ఒక సారు దగ్గరికి తీసుకెళ్లా. ఆయన భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. వంపు వైపు పెచ్చులన్నీ ఒకే వరుసలో, ఒకే దిక్కు నుంచి లేచాయి. నాగలి తగిలో, వాగులో దొర్లో పగిలిన రాయికి దెబ్బలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయట, ఇది మాత్రం మనిషి చెక్కింది. ఆదిమానవులు ఆ మొద్దు వైపు బంక పెట్టి పుల్లకు అతికించేవాళ్లు, పదును వైపు బయటికి ఉండేది. ఇలాంటి ముక్కలు రెండుమూడు పొదిగినా అది బాణమే.

'ఎన్నేళ్లది సార్?' అంటే, 'చేలో ఏ మూల, ఎంత లోతులో దొరికింది?' అని ఆయనే నన్ను అడిగారు. చెప్పలేకపోయా. పైగా సబ్బు పెట్టి బ్రష్షుతో తోమేశా, దానికి అంటిన మట్టి కూడా పోయింది. వయసు చెప్పేది రాయి కాదు, అది ఉన్న మట్టి పొర, ఆ పొరలోని బొగ్గు. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో ఇలాంటి చిన్న పనిముట్లు 35 వేల ఏళ్ల నాటి పొరల్లో దొరికాయి. ఇవే ఆకారాలు కొన్ని వేల ఏళ్ల కిందటి వరకూ చేశారు. మాది ఎప్పటిదో ఇక తేలదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

మా రాళ్లకాలువ వెంబడి దొరికిన రాతి బ్లేడ్ల గురించి పురావస్తు పరిశోధకులు ఎం.ఎల్.కె. మూర్తి గారు 1968లోనే రాశారు. ఇప్పుడు ఆ గట్ల మీది గ్రావెల్ ట్రాక్టర్లకెత్తి పోతోంది. ఏ లోడులో ఏం పోయిందో చూసేవాళ్లు లేరు.

అధికారులకు నా మనవి ఒక్కటే. ఏడాదికి ఒక రోజు మండలంలో ఈ రాళ్ల సంగతి తెలిసినవాళ్లను కూర్చోబెట్టండి. దొరికిన రాళ్లు మేమే తెస్తాం, చూసి ఊరు, చేను పేరు రాసుకోండి. తోటి రైతులకు చెప్పేది, రాయి కనిపిస్తే కడగొద్దు. ఉన్నచోటే ఫోన్లో లొకేషన్‌తో ఫొటో తీయండి, ఎంత లోతులో ఉందో చీటీ రాసి రాయితోపాటు కవర్లో పెట్టండి. ఈసారి చెనిక్కాయలు పీకేటప్పటికి మా ఇంట్లో కవర్లు, పెన్సిలు సిద్ధంగా ఉంటాయి.

– ఒక రైతు, రేణిగుంట మండలం, తిరుపతి జిల్లా