మిద్దెకూ, అప్పుల నిధికీ ఆగస్టు 15 లోపు మీ చేయూత కావాలి

ప్రభువు నందు ప్రియమైన విచారణ (పారిష్) కుటుంబాలకు, బెంగళూరు, హైదరాబాదు, కువైట్‌లలో ఉన్న మన బిడ్డలకు కమిటీ వందనాలు.

ఆగస్టు 29 సాయంత్రం ఆరోగ్యమాత పండుగ జెండా ఎక్కించాలి. ఆలోపు గుడి మిద్దె బాగుచేయాలి. పోయిన వానలకు పీఠానికి ఎడమ పక్కన మిద్దె కురిసి, దివ్యపూజ జరుగుతుండగానే బకెట్లు పెట్టాల్సి వచ్చింది. రెండు దూలాలకు చెద పట్టింది. మేస్త్రీ మొత్తం 3 లక్షల 80 వేలు అవుతుందన్నారు. చేతిలో ఉన్నది 2 లక్షల 10 వేలు. మిగతా 1 లక్షా 70 వేలు మీ నుంచే రావాలి. 16న పని మొదలవుతుంది కాబట్టి, 15న మరియమాత మోక్షారోపణ పండుగ నాటికి కానుకలు అందాలి.

ఈ గుడి గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? మిల్‌హిల్ మిషనరీ ఫాదర్ల కాలంలో మన తాతలు పగలంతా కూలికి పోయి, సాయంత్రాలు బండలు మోసి కట్టిన గోడలివి. 1976లో నెల్లూరు నుంచి వేరుపడి కడప మేత్రాసనం (బిషప్ పరిధి) ఏర్పడేనాటికే ఇక్కడ మూడు తరాల జపమాల నడిచింది. మాత గుహ కట్టినప్పుడు కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లు ఒక నెల జీతం పంపారు. ఆ మేలు కమిటీ మర్చిపోలేదు.

మిద్దె సంగతి ఇంతే. కార్యదర్శిగా నేను రెండో విషయం కాస్త వివరంగా చెప్పాలి. అది అవసరమైన కుటుంబాలకు వడ్డీ లేకుండా అప్పులిచ్చే మన అప్పుల నిధి. ముందు మిద్దె పూర్తి చేద్దాం, నిధి తర్వాత చూద్దామని కమిటీలో కొందరు అన్నారు. గుడికి ఒక్క పండుగ గడువు ఉంది, అప్పులో ఉన్న ఇంటికి నెలనెలా గడువే. అందుకే రెండూ కలిపి అడుగుతున్నాం.

ఆపరేషన్‌కో, కాలేజీ ఫీజుకో మన కూలి కుటుంబాలు నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెస్తున్నాయి. 50 వేలు తెస్తే నెలకు 2,500. ఏడాదికి 30 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఆ ఇల్లాలు ఆదివారం పూజకు వచ్చి కానుకల బుట్ట దగ్గరికి రాగానే తలవంచుకుంటుంది. ఇది చూస్తూ మనం ఒకే రొట్టెలో పాలుపంచుకుంటున్నామని ఎలా అనుకోగలం?

తిరుసభకు (కథోలిక చర్చికి) ఇది కొత్త పని కాదు. 1462లో ఇటలీలోని పెరూజియాలో ఫ్రాన్సిస్కన్ మఠవాసుల బోధ విని అక్కడి జనం పేదల కోసం ఒక నిధి పెట్టారు. వడ్డీ వ్యాపారుల చేతిలో నలిగిపోయేవాళ్లు అక్కడ వస్తువు కుదువబెట్టి, చాలా తక్కువ ఖర్చుతో డబ్బు తీసుకునేవాళ్లు. దీని మీద వాదనలు చాలా నడిచాయి. చివరికి 1515లో లాతరన్ మహాసభ ఇలాంటి నిధులు సబబేనని తేల్చింది. మన నిధి అంతకంటే చిన్నది, వడ్డీ అసలే లేనిది. 10 వేల దాకా ఇస్తాం, పది నెలల్లో తిరిగి కట్టాలి, రెండు కుటుంబాలు పూచీ ఉండాలి. తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు నలభై రోజులు) పిల్లలు డబ్బాల్లో వేసిన చిల్లరతో మొదలైంది. ఇప్పుడు ఉన్నదంతా బయట అప్పుగా తిరుగుతోంది. కొత్తగా అడిగేవాళ్లకు ఇవ్వడానికి లేదు.

బాధ కలిగినా ఒక మాట చెప్పాలి. మొన్న పిల్లల కొత్త సత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) పండుగకు ఒక్కో ఇంటి ముందు ఎన్ని ఫ్లెక్సీలు! డీజే, ప్రొద్దుటూరు నుంచి బంగారు గొలుసులు, ఈఎంఐ మీద ఫోన్లు. పక్కింటివాళ్లు చేశారు కాబట్టి మనమూ చేయాలనే టెన్షన్‌తో, వడ్డీకి తెచ్చి మరీ చేసినవాళ్లున్నారు. బాగా బతకాలనుకోవడం తప్పు కాదని పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు (పోప్) 1991లో అందరికీ రాసిన విశ్వలేఖలోనే చెప్పారు. మనిషిగా ఎదగడం వదిలి, వస్తువులు పోగేసుకోవడమే బతుకనుకోవడం తప్పన్నారు. బీరువాలో పాడైపోయే చెప్పులు చెప్పుల్లేనివాడివని నాలుగో శతాబ్దంలో పునీత బాసిలు అన్నారు. మన చేతిలో ఉన్నది దేవుడు అప్పజెప్పినది. లెక్క ఆయనకు చెప్పాలి.

పేరు చెక్కించే ఫ్యాన్లకు, బెంచీలకు దాతలు వెంటనే దొరుకుతున్నారు. నిధికి పేరు చెక్కే చోటు లేదు. ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో చెప్పం. కుడి చేయి ఇచ్చేది ఎడమ చేతికి తెలియకూడదని ప్రభువు చెప్పినట్టే ఇది నడవాలి.

పదో వంతు కట్టి తీరాలని తిరుసభ మనకు లెక్క పెట్టలేదు. తన అవసరాలకు ఎవరి శక్తి కొద్దీ వారు తోడ్పడాలనే కట్టడ మాత్రం ఉంది. శక్తి ఉన్నవాళ్లు దయచేసి తప్పించుకోవద్దు. అప్పుల్లో ఉన్నవాళ్లు మాత్రం అప్పు చేసి కానుక తేవద్దు. పేద విధవరాలు వేసిన రెండు కాసులను మెచ్చుకునే ముందే ప్రభువు విధవరాళ్ల ఇళ్లను దిగమింగే శాస్త్రులను గద్దించారు. ఆ శాస్త్రుల వరుసలో మన కమిటీ నిలబడకూడదు. మీరు మిద్దె పనికి ఒక పూట వచ్చి మట్టి తట్టలు మోసినా అదే మీ కానుక.

కవరు మీద ‘మిద్దె’ అనో ‘నిధి’ అనో రాయండి. ఏమీ రాయకపోతే మిద్దెకు జమ చేస్తాం. రసీదు తప్పక అడిగి తీసుకోండి. రెండు లెక్కలూ నెలనెలా మొదటి ఆదివారం గుడి నోటీసు బోర్డులో పెడతాం. దూరాన ఉన్నవాళ్లు విచారణ గురువులను అడిగితే బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తారు.

ఇట్లు,
కార్యదర్శి, విచారణ దేవాలయ కమిటీ,
కడప జిల్లా