ఈ నవంబరులో ఎవరి పుస్తకం వాళ్లదే

తల్లిదండ్రులకు నమస్కారం.

దీపావళి హడావిడి తగ్గింది. పొద్దున్న ప్రార్థనకు నిలబడితే ఎండ కూడా కాస్త మెత్తబడినట్టుంది. మన విశాఖలో కుదురుగా కూర్చుని చదువుకోవడానికి నవంబరును మించిన నెల లేదని నా నమ్మకం. దేశమంతా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకునేది కూడా ఈ నెల 14 నుంచి 20 దాకానే. ఈసారి మన బడిలో వారంతో సరిపెట్టకుండా నెలంతా సొంత చదువుకి ఇస్తున్నాం.

సొంత చదువు అంటే ఏమిటో ముందే చెప్పాలి, ఎందుకంటే పోయిన వారం ముగ్గురు నలుగురు తల్లులు గేటు దగ్గర ఆపి "ఏ పుస్తకం కొనాలి మేడమ్?" అని అడిగారు. ఏదీ కొనక్కర్లేదు. మూడో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా ప్రతి విద్యార్థీ మన లైబ్రరీకి వెళ్లి, తనకు నచ్చిన పుస్తకం తనే తీసుకుని, ఇంటికి తెచ్చుకుంటాడు. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక 25 నిమిషాలు బడి మొత్తం చదువుతుంది. నేను, టీచర్లు, ఆఫీసు సిబ్బంది, ఆయాలు, అందరం. ఆ 25 నిమిషాలు ఫోన్ వచ్చినా నేను ఎత్తను, దయచేసి ఏమీ అనుకోకండి. పదో తరగతి వాళ్లకి వారానికి మూడు రోజులు పెట్టాం. వాళ్ల సిలబస్ ఎక్కడా ఆగదు, ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

దీనికి మార్కులు లేవు. సారాంశం రాయక్కర్లేదు. ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకి బహుమతి లేదు. సర్టిఫికెట్ కూడా లేదు.

ఇలా ఎందుకు తీసేశానో మీకు చెప్పడం నా బాధ్యత. నాలుగేళ్ల కిందట ఇలాంటి కార్యక్రమమే పెట్టి, చదివిన ప్రతి పుస్తకానికీ ఒక పేజీ సమీక్ష రాయమన్నాను. ఎన్ని రాస్తే అన్ని మార్కులు. నెలాఖరుకి నా బల్ల మీద కాగితాలు గుట్టగా పడ్డాయి. చదవడం మొదలుపెట్టాక తెలిసింది, సగానికి పైగా పుస్తకం వెనక అట్ట మీద ఉన్న నాలుగు వాక్యాలే తిరగరాసినవి. ఆ నెలలోనే ఒక ఆరో తరగతి పాప లైబ్రరీ గదిలోకి వచ్చి "పేజీలు తక్కువున్న పుస్తకం ఏదైనా ఉందా మేడమ్?" అని అడిగింది. అంతకుముందు ఏడాది అదే పాప దయ్యాల కథల పుస్తకం దొరికితే బెంచీ కింద పెట్టుకుని క్లాసులో చదివి తిట్లు తింది. చదవాలన్న ఆకలి ఉన్న పిల్లని పేజీలు లెక్కపెట్టే పిల్లగా మార్చింది నేను పెట్టిన మార్కులే. ఆ తప్పు మళ్లీ చేయను.

ఇంకో మార్పు మీ పిల్లలు ఇప్పటికే చెప్పి ఉంటారు. లైబ్రరీలో బీరువాలకి తాళాలు తీసేశాం. కొత్త పుస్తకాలు, బొమ్మల పుస్తకాలు, ఖరీదైనవి ఇన్నాళ్లూ అద్దాల బీరువాల్లో ఉండేవి. పిల్లలు బయటి నుంచి చూసేవాళ్లు. తాళం వేసేది పిల్లల మీద కోపంతో కాదు. ఏడాది చివర స్టాక్ లెక్క చూసినప్పుడు ఒక పుస్తకం తగ్గితే లైబ్రరీ చూసే టీచరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ భయం ఉన్నచోట ఎవరైనా తాళమే వేస్తారు. అందుకని ఇక నుంచి పోయిన పుస్తకానికి జవాబు చెప్పేది నేనని రిజిస్టరు మొదటి పేజీలో రాసి సంతకం పెట్టాను.

ఈ తాళాల సంగతి నా మనసులో పడింది 2014లో. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన మీద విరుచుకుపడినప్పుడు నేను వేరే బడిలో టీచర్ని. నగరం ఎలా అయిపోయిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. దారి దొరికాక బడికి వెళ్తే లైబ్రరీ గది కిటికీలు ఊడిపోయి, ఒక బీరువా పక్కకి ఒరిగి, అద్దం పగిలి, కింది అరల్లో పుస్తకాలన్నీ నీళ్లు పీల్చుకుని ఉబ్బిపోయి ఉన్నాయి. వాటిని డాబా మీద పరిచి, గాలికి ఎగరకుండా రాళ్లు పెట్టాం. చుట్టుపక్కల పిల్లలు సాయానికి వచ్చారు. అతుక్కుపోయిన పేజీలు మెల్లగా విడదీయమని వాళ్ల చేతికి ఇస్తే, విడదీసిన పేజీ విడదీసినట్టే చదవడం మొదలుపెట్టారు. ఎండలో గొంతుక్కూర్చుని, తడి పేజీ ఆరేదాకా ఆగి, తరవాతి పేజీ కోసం చూస్తూ చదివారు. నేను ఆ పుస్తకాల చివర అతికించిన డేట్ స్లిప్పులు చూశాను. చాలావాటి మీద ఒక్క ముద్ర కూడా లేదు. కొన్న నాటి నుంచి ఒక్క చేతిలోకీ వెళ్లని పుస్తకాలవి. తుఫాను వచ్చి బీరువా తెరిచింది. మేం మాత్రం తెరవలేదు.

సముద్రం పక్కనున్న ఊరు కాబట్టి ఇంకొక మాట. మన గాలిలో చెమ్మ ఎక్కువ. గాలి ఆడని బీరువాలో పుస్తకాలకి బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. చేతులు మారుతూ, పేజీలు తిరుగుతూ ఉండే పుస్తకానికి గాలి తగులుతుంది. అట్ట నలిగితే బైండింగ్ చేయించుకోవచ్చు.

మన ఊరికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. 1886లో ఇక్కడే, విశాఖపట్నంలో, ఆదినారాయణమూర్తి గారనే ఉపాధ్యాయుడు సరస్వతీ నిలయం పేరుతో గ్రంథాలయం పెట్టారు. తెలుగునాట ప్రజల కోసం పెట్టిన తొలి గ్రంథాలయాల్లో అదొకటి. పెట్టింది జమీందారు కాదు, బడి పంతులు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. ఆ తరవాత అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివాళ్లు ఊరూరా గ్రంథాలయం కోసం జీవితాలే ఇచ్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపించారు, ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు తీసుకుని చదువుకోవడానికి. జనం దగ్గరికి పుస్తకాన్ని పడవెక్కించి తీసుకెళ్లిన నేల మీద, అదే గదిలో ఉన్న పిల్లలకి పుస్తకం అందకుండా తాళం వేసుకున్నాం మనం.

పోయిన ఏప్రిల్‌లో ఏడో తరగతి ఒక సెక్షన్‌లో వారం రోజులు దీన్ని ట్రయల్‌గా చేసి చూశాం. అప్పుడు జరిగింది ఒకటి మీకు చెప్పి తీరాలి. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి, తరగతిలో అంతగా నోరు విప్పడు, చేపల బొమ్మల పుస్తకం ఒకటి తీసుకెళ్లాడు. ఇంగ్లిష్ పుస్తకం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి వాళ్ల నాన్న ఆ రోజుల్లో ఇంట్లోనే ఉన్నాడు. తాతయ్యకి చదువు రాదు. ముగ్గురూ బొమ్మలు చూసుకుంటూ కూర్చున్నారట. ఇది వంజరం, ఇవి కానగంతలు, ఇది చందువ, ఇవి కవ్వళ్లు అని తాతయ్య చెబుతుంటే వీడు కాగితం మీద రాశాడు. మూడో రోజు ఆ కాగితం పట్టుకొచ్చి "పుస్తకంలో మన పేర్లు లేవు మేడమ్, నేను రాశాను" అన్నాడు. అతని దస్తూరీతో ఉన్న ఆ కాగితాన్ని పుస్తకం లోపలి అట్టకి అతికించాం. ఆ సెక్షన్‌లో ఆ వారం అందరూ అడిగి తీసుకెళ్లిన పుస్తకం అదే. ఏ టీచరూ ఆ అబ్బాయికి ఆ పుస్తకం ఇచ్చి ఉండేది కాదు. నేనూ ఇచ్చి ఉండేదాన్ని కాదు. "నీకు ఇంగ్లిష్ కష్టం, ఇంకోటి తీసుకో" అనేదాన్ని.

సగంలో వదిలేసిన పుస్తకం గురించి కూడా మీరు బెంగ పడొద్దు. అదే వారం ఒక పాప బీచ్ రోడ్డులో కురుసుర చూసొచ్చిన హుషారులో జలాంతర్గాముల మీద లావుపాటి పుస్తకం తీసుకుంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఆ జలాంతర్గామి లోపలికి ఎక్కి చూసిన పిల్లకి అది చదవాలనిపించడంలో ఆశ్చర్యం ఏముంది? రెండు రోజులకి కష్టంగా ఉందని తిరిగిచ్చి జానపద కథలు తీసుకుంది. జూన్‌లో బడి తెరిచాక మళ్లీ ఆ జలాంతర్గామి పుస్తకం కోసమే వచ్చింది. మధ్యలో ఆపితే తప్పు అన్నామనుకోండి, పిల్లలు కష్టమైన పుస్తకం జోలికే వెళ్లరు.

పుస్తకం తన స్థాయికి సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి పిల్లలకి ఒక చిన్న చిట్కా నేర్పుతున్నాం. ఏదో ఒక పేజీ తెరిచి చదవడం, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవడం. పేజీ అయ్యేలోపు అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం. అయినా తీసుకెళ్తానంటే తీసుకెళ్లనిస్తాం.

ఇక ఇంట్లో మీరు చేయాల్సింది. రాత్రి భోజనానికి ముందో, పడుకునే ముందో ఒక 20 నిమిషాలు టీవీ ఆపి, ఫోన్లు పక్కన పెట్టండి. మీ ఫోన్ కూడా. మీరు వార్తాపత్రిక చదువుకున్నా సరే, పక్కన కూర్చోండి. స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసే నాన్నలు రాత్రి పదింటికి ఇల్లు చేరతారని నాకు తెలుసు. అలాంటి వారాల్లో పొద్దున్న బడికి వచ్చే ముందు పది నిమిషాలైనా చాలు. చదువు రాని అమ్మలు, మామ్మలు ఉంటే మరీ మంచిది. పిల్లల చేత బయటికి చదివించుకుని వినండి. కార్తీక వనభోజనాలకి వెళ్లేటప్పుడు సంచిలో ఆ పుస్తకం కూడా పడేయండి.

"ఏం అర్థమైంది చెప్పు" అని మాత్రం అడగొద్దు. అది పరీక్ష. "ఎంతవరకు వచ్చింది, తరవాత ఏమైంది?" అని అడగండి. తేడా పిల్లలకి వెంటనే తెలుస్తుంది. చెప్పాలని లేకపోతే వదిలేయండి.

తెలుగు పుస్తకం తెచ్చుకుంటే "ఇంగ్లిష్‌ది తీసుకోవచ్చు కదా" అనకండని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఈ మాట చాలా ఇళ్లలో వింటున్నాను. మన పిల్లలు తెలుగు బాగా మాట్లాడతారు, ఒత్తులు, గుణింతాలు వచ్చేసరికి ఆగిపోతారు. రోజూ కొంచెం చదివితే తప్ప ఆ తడబాటు పోదు. చదవాలంటే కథ నచ్చాలి. ఇంగ్లిష్ చదవాలనుకున్నవాళ్లకి ఇంగ్లిష్, హిందీ వాళ్లకి హిందీ. బొమ్మల కథలు, క్రికెట్ పుస్తకాలు, పొడుపు కథలు, వంటల పుస్తకం, అన్నీ చదువే. తొమ్మిదో తరగతి కుర్రాడు రెండో తరగతి బొమ్మల పుస్తకం తెచ్చుకున్నా నవ్వకండి. వాడు ఎప్పుడో వదిలేసిన మెట్టు దగ్గరికి వెళ్లి ఎక్కుతున్నాడు.

పుస్తకం చిరిగితే అలాగే పంపండి, అతికిస్తాం. ఇంట్లో సెలోటేప్ వేయకండి, కొన్నాళ్లకి అది పసుపు రంగు తిరిగి కాగితాన్ని పాడుచేస్తుంది. పోతే పోయిందని డైరీలో ఒక మాట రాయండి. పిల్లల్ని కొట్టొద్దు, డబ్బు పంపొద్దు. పుస్తకం పోయిందని భయపడ్డ పిల్ల మళ్లీ లైబ్రరీ గడప తొక్కదు. అట్లాంటివాళ్లని నేను చూశాను.

ఆదివారాలు కుదిరితే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి పిల్లల్ని తీసుకెళ్లండి, వేళలు ముందే కనుక్కుని. మీ ఇంటి దగ్గర జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ ఉంటే అదీ చూపించండి. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది, ఆ డబ్బు వెళ్లేది ఈ సంస్థలకే. అంటే అవి మీ డబ్బుతో నడుస్తున్న గదులు. మీ పిల్లలు వెళ్లి కూర్చోవడానికి ఎవరి దయా అక్కర్లేదు.

లైబ్రరీ కార్డు మీద తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసి సోమవారం పంపండి. పుస్తకం పెట్టుకోవడానికి ఒక గుడ్డ సంచి ఇవ్వండి, టిఫిన్ బాక్సుతో కలిపితే సాంబారు మరకలు తప్పవు. లైబ్రరీ ఈ నెలంతా పొద్దున్న బడి మొదలయ్యే ముందు అరగంట, సాయంత్రం బడి అయ్యాక అరగంట తెరిచి ఉంటుంది. స్కూల్ బస్సులో వెళ్లే పిల్లలు మధ్యాహ్నం మార్చుకోవచ్చు.

చివరగా మీ నుంచి ఒక అప్పు అడుగుతున్నాను. మీ చిన్నప్పుడు మీరు చదివిన పుస్తకం ఏదైనా ఇంట్లో ఉండిపోయి ఉంటే, అట్ట ఊడినదైనా సరే, వారోత్సవాల ఏడు రోజులకి బడికి పంపండి. లైబ్రరీలో కిటికీ పక్క బల్ల మీద వాటిని పెడదాం. లోపల ఒక చీటీ మీద మీ పేరు, మీరు దాన్ని ఏ తరగతిలో ఉన్నప్పుడు, ఎక్కడ కూర్చుని చదివారో ఒక వాక్యం రాసి పెట్టండి. నేను నా అయిదో తరగతి నాటి పుస్తకం తెస్తున్నాను. 21వ తేదీకల్లా ఎవరి పుస్తకం వాళ్ల ఇంటికి నేనే పంపిస్తాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
విశాఖపట్నం