కామిక్స్ కొట్టు గురించి అమ్మాయికి ఉత్తరం

తెనాలి,
2024 సెప్టెంబరు 15.

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మేము ఇక్కడ క్షేమంగా ఉన్నాము. అమెరికాలో మీ దగ్గర నుంచి ఇల్లు చేరి పది రోజులైనా మీ అమ్మకు నిద్ర వేళలు ఇంకా కుదుటపడలేదు. అర్ధరాత్రి రెండింటికి లేచి కాఫీ పెట్టుకుంటున్నది. ఈ ఉత్తరం కాగితం మీద రాసి, పక్కింటి కుర్రవాడి చేత ఫొటోలు తీయించి నీకు పంపిస్తున్నాను. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావేమో. ఫోనులో నేను రెండో మాట మొదలుపెట్టేలోపు నువ్వు "సరే నాన్నా" అని ముగించేస్తావు.

మొన్న వీడియోలో మాట్లాడుతున్నప్పుడు, అక్టోబరులో మీ ఊరి కామిక్స్ కొట్టులో జరగబోయే బొమ్మలు గీసే కార్యక్రమానికి బాబును పంపేది లేదని, ఆ శనివారం వాడికి లెక్కల తరగతి ఉన్నదని చెప్పావు. వాడు నీ వెనుకనే సోఫాలో కూర్చుని వింటున్నాడు గనుక అప్పుడు నేనేమీ అనలేదు. తల్లి మాటకు తాత అడ్డు చెప్పడం పిల్లవాడి ఎదుట జరగకూడదు. కానీ ఆ కొట్టును అయిదు నెలలపాటు వారం వారం దగ్గర నుంచి చూసినవాడిని నేను. నువ్వు కారులో కూర్చుని వాడిని గుమ్మం దగ్గర దింపడమే తప్ప లోపలికి వచ్చినట్టు లేదు. అందుచేత నేను చూసినది నీకు చెప్పడం న్యాయమనిపించింది. చదివిన తరువాత నీకు తోచినట్టే చెయ్యి.

నేను అక్కడికి మొదటిసారి వెళ్ళినది ఏప్రిల్లో ఒక బుధవారం. బస్టాండులో ఉండే పుస్తకాల బంకు లాంటిదేదో చూడబోతున్నాననుకున్నాను. తీరా లోపలికి అడుగు పెడితే, గోడ పొడవునా అరలు, ఆ అరల్లో ప్రతి పుస్తకమూ వెన్ను కాక అట్ట మీది బొమ్మ కనిపించేలా నిలబెట్టి ఉన్నది. ముప్పై రెండేళ్ళు శాఖా గ్రంథాలయంలో పనిచేసిన నాకు మొట్టమొదట కంటబడినది అదే. మా బీరువాల్లో పుస్తకం వెన్ను తప్ప మరేమీ కనిపించేది కాదు; దాని మీద అతికించిన నంబరు చూసి ఎనిమిదేళ్ళ పిల్లవాడు పుస్తకం ఎలా ఎంచుకుంటాడని నేను ఒక్కనాడూ ఆలోచించలేదు.

అక్కడ కొత్త సంచికలు బుధవారం నాడు వస్తాయి. వారం వారం కొనే వాళ్ళు తమకు కావలసినవి ముందే చెప్పి ఉంచుతారు. ఆ జాబితాను వాళ్ళు పుల్ లిస్ట్ అంటారు. యజమాని ఎవరి సంచికలు వారికి విడిగా తీసి బల్ల వెనుక పెట్టెలో ఉంచుతాడు. మన ఊళ్ళో చందమామ వచ్చిన రోజున ఏజెంటు ఫలానా మేష్టారికి ఒకటి, ఫలానా డాక్టరుగారికి ఒకటి అని పక్కన పెట్టినట్టన్నమాట. అయితే ఆ వచ్చినవాళ్ళు పుస్తకం తీసుకుని వెళ్ళిపోరు. బల్లకు ఆనుకుని, పోయిన సంచికలో ఆ పాత్ర నిజంగా చనిపోయిందా లేదా అని అరగంట వాదించుకుంటారు. తల నెరసిన ఒక పెద్దమనిషి, బాబు వయసు పిల్లవాడు, ఇద్దరూ సరిసమానంగా వాదించుకోవడం నేను చూశాను. నాకు కథ ఏమీ అర్థం కాలేదు గాని, ఆ గొంతులు మాత్రం బాగా తెలిసినవే అనిపించాయి. సాయంత్రం పూట మా గ్రంథాలయం వరండాలో దినపత్రిక చుట్టూ వినిపించే గొంతులు అవే. (కొందరు మాత్రం కొన్న పుస్తకాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వంగకుండా వెనుక అట్ట ముక్క పెట్టి, చదవకుండానే పెట్టెలో దాస్తారు. ఆ భక్తి నాకు ఎక్కలేదు.)

ఆ యజమాని ఖాళీగా ఉన్నప్పుడు నాతో కూర్చుని తన వ్యాపారం సంగతులు చెప్పేవాడు. నా ఇంగ్లీషు నీకు తెలిసినదే. బాబు మధ్యలో కూర్చుని అందించేవాడు. పూర్వం అక్కడ కూడా కామిక్స్ పత్రికల బంకుల్లోనే అమ్ముడయ్యేవట, మిగిలినవి వెనక్కు ఇచ్చేసే వీలు ఉండేదట. 1970వ దశకంలో ఫిల్ సూలింగ్ అనే వర్తకుడు ప్రచురణకర్తలతో కొత్త ఏర్పాటు చేసుకున్నాడు: ధర తగ్గించి ఇవ్వండి, మిగిలినవి మేము వెనక్కు ఇవ్వము అని. ప్రత్యేకంగా కామిక్స్ కొట్లు పుట్టి పెరగడానికి ఆ ఏర్పాటే దారి చేసింది. వాటి మెడకు గుదిబండ అయినది కూడా అదే. సుమారు రెండు నెలల ముందు, ఇంకా అచ్చు కాని పుస్తకం ఎన్ని ప్రతులు పోతుందో ఊహించి ఆర్డరు పెట్టాలి. ఊహ తప్పితే ఆ నష్టమంతా కొట్టుదే. గోడవార పొడవాటి అట్టపెట్టెల్లో ఉన్న పాత పుస్తకాలలో చాలావరకు అలా తప్పిన ఊహలే.

మా గ్రంథాలయానికి ఎవరూ రాకపోయినా, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు చట్ట ప్రకారం వచ్చేది. వచ్చినా రాకపోయినా నా జీతం నాకు ముట్టేది. ఆ కొట్టుకు అటువంటి ఆధారమేదీ లేదు. మనుషులు వస్తేనే అది ఉంటుంది. అందుకే అతడు శనివారం పిల్లలకు బొమ్మలు గీయడం, నెలకొకసారి పెద్దలందరూ ఒకే పుస్తకం చదివి వచ్చి మాట్లాడుకోవడం, ఎవరైనా చిత్రకారుడిని పిలిచి కూర్చోబెట్టడం వంటివి పెడతాడు. ఇందులో అతని స్వార్థం లేదని నేను అనను. స్వార్థం ఉన్నందువల్లనే, లోపలికి వచ్చిన ప్రతి పిల్లవాడి పేరూ అతనికి గుర్తున్నది. నాకు అన్నేళ్ళలో ఎంతమంది పేర్లు గుర్తున్నాయని అడిగితే సమాధానం చెప్పలేను.

మే 4వ తేదీ శనివారం ఫ్రీ కామిక్ బుక్ డే అని పెద్ద సందడి జరిగింది కదా, ఆ రోజు నువ్వు ఆఫీసు పనిలో ఉన్నావు. ఉచితంగా పంచుతారంటే నాకు మొదట అనుమానం వేసింది. మీ శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనే, కాంకర్డ్ అనే ఊళ్ళో కొట్టు నడిపే జో ఫీల్డ్ అనే ఆయనకు వచ్చిన ఆలోచన అట అది. ఒక ఐస్‌క్రీమ్ దుకాణం ఉచితంగా ఐస్‌క్రీమ్ పంచిన రోజున జనం బారులు తీరడం చూసి, మనమూ ఇలా ఎందుకు చేయకూడదని 2001లో వర్తకుల పత్రికలో రాశాడు. మరుసటి సంవత్సరం 2002 మే 4న, స్పైడర్‌మ్యాన్ సినిమా విడుదలైన మరునాడు, మొదటిసారి జరిగింది. అప్పటి నుంచి దాదాపు ఏటా మే మొదటి శనివారమే. 2004లో మాత్రం జూలైలో జరిగింది, కరోనా కాలంలోనూ తేదీలు మారాయి. ఎక్కువమందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ పుస్తకాలు మనకు ఉచితం గాని కొట్టుకు ఉచితం కావు. ప్రతి పుస్తకానికీ కొన్ని సెంట్ల చొప్పున, రవాణా ఖర్చుతో సహా, యజమాని తన జేబులో నుంచే కట్టుకుంటాడు.

ఆ పుస్తకాల మీద కొట్టు పేరు ముద్ర వేసుకోవడానికి కొంత చోటు ఖాళీగా వదిలి అచ్చు వేస్తారు. ముందు రోజు సాయంత్రం ఆ ముద్రలు వేసినది మేమిద్దరమే, నేనూ నీ కొడుకూ. రబ్బరు ముద్ర, సిరా మెత్త కనబడగానే నా చేతికి పాత పని గుర్తుకు వచ్చింది. మెత్త మీద ముద్రను గట్టిగా అదమకూడదని, రెండుసార్లు మెల్లగా తాకించి కాగితం మీద నిలువుగా దించాలని వాడికి నేర్పాను. మా గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ ఒక రహస్య పుట ఉండేదని, ఎవరైనా మొదటి పుట చించి ఎత్తుకుపోయినా ఆ లోపలి పుట మీది ముద్రను బట్టి పట్టుకునేవాళ్ళమని చెబితే, వాడు నన్ను గూఢచారిని చూసినట్టు చూశాడు. మూడు వందల ముద్రలు వేశాము. వాటిలో వంకరగా పడినవి నావే.

మరునాడు తలుపు తీయకముందే వరుస వీధి మలుపు దాకా ఉన్నది. మనిషికి మూడు పుస్తకాలని నియమం. పేదలకు ఆహారం పంచే సంస్థ కోసం తలుపు దగ్గర పెట్టెలో డబ్బాలు వేస్తున్నారు. మీ అమ్మ శనగల డబ్బా ఒకటి వేసింది. మూడు పుస్తకాలు చేత పట్టుకుని నేను బయటికి రాబోతుంటే బాబు చొక్కా పట్టుకుని లాగి, "తాతయ్యా, ఏదైనా ఒకటి కొనాలి" అన్నాడు. ఎవరు చెప్పారురా అంటే, "ఎవరూ చెప్పరు, కానీ కొనాలి" అన్నాడు. 3.99 డాలర్లు పెట్టి ఒకటి కొన్నాను. మన లెక్కలో 330 రూపాయలు దాటింది, కొంచెం నొప్పిగానే ఉన్నది.

శుక్రవారం రాత్రి జరిగే కార్డుల ఆట మాత్రం నాకు నచ్చలేదు. లోపల ఏ కార్డులున్నాయో తెలియని పొట్లాలు పిల్లలు డబ్బిచ్చి కొని, చించి చూసి, మళ్ళీ కొంటున్నారు. దానికి పంపవద్దు. పంపినా డబ్బిచ్చి పంపవద్దు.

జూలైలో జరిగినది నీకు పూర్తిగా చెప్పనే లేదు. శనివారం పిల్లల కార్యక్రమంలో మీ దేశపు కథ ఏదైనా చెప్పండని యజమాని నన్ను అడిగాడు. నా పెట్టెలో పాత చందమామలు రెండు ఉన్నాయి కదా, భేతాళ కథ ఎత్తుకున్నాను. రాజు కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుని నడిచే శంకర్ గారి బొమ్మ ముందుగా చూపించాను. పదకొండు మంది పిల్లలు నేల మీద కూర్చున్నారు. తెలిసి కూడా సమాధానం చెప్పకపోతే తల పగిలిపోతుందని, నోరు విప్పి చెబితే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుందని చెప్పగానే ఒక పాప చెయ్యెత్తి, "రాజు కథ వినకుండా చెవులు మూసుకోవచ్చు కదా" అన్నది. నా జీవితంలో ఎన్ని వందలసార్లు ఆ కథ చదివానో, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. బాబు నాకంటే ముందే, "ఒక చేతిలో కత్తి, రెండో చేత్తో శవం. ఎలా మూసుకుంటాడు?" అని బొమ్మను చూపించాడు. అందరూ నవ్వారు. తరువాత ఒక్కొక్కరూ ఎనిమిది గడుల్లో ఆ కథను గీయాలన్నారు. తక్కిన పిల్లలు చివరి గడిలో చెట్టును, దాని మీద వేలాడే భేతాళుడినీ గీశారు. నీ కొడుకు రాజు భుజం ఒక్కటే గీశాడు, దాని మీద ఏమీ లేదు. మాట లేదు, చెట్టు లేదు. యజమాని ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

ఇక అక్టోబరు సంగతి. 24 అవర్ కామిక్స్ డే అని దాని పేరు. 1990లో స్కాట్ మెక్‌క్లౌడ్ అనే చిత్రకారుడు తన మిత్రుడు స్టీవ్ బిసెట్‌తో వేసుకున్న పందెంతో అది మొదలైంది: ఇరవై నాలుగు గంటల్లో ఇరవై నాలుగు పుటల బొమ్మల కథ పూర్తి చేయాలి, ముందుగా ఏమీ సిద్ధం చేసుకోకూడదు. 2004 నుంచి కొట్లలో అందరూ కలిసి కూర్చుని గీసే కార్యక్రమమైంది. నీకు భయం రాత్రి గురించే అయితే, పిల్లలకు రాత్రి లేదు. ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎనిమిది పుటలు గీస్తే చాలునని, తల్లిదండ్రులలో ఒకరు తోడుండాలని యజమాని నాకు స్పష్టంగా చెప్పాడు. లెక్కల తరగతి ఆ ఒక్క వారం ఆదివారానికి మార్చడానికి కుదురుతుందేమో అడిగి చూడు.

ఇంకొక మాట, చెప్పడానికి కష్టమైనదే అయినా చెబుతాను. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకున్న బొమ్మల కథల పుస్తకాన్ని లెక్కల పుస్తకంలో దాచుకుని చదువుతుంటే, నేను లాక్కుని వెళ్ళి వాళ్ళకు తిరిగి ఇచ్చేసి, నీ ఖాతా కూడా మూయించి వచ్చాను. ఊళ్ళో వాళ్ళ పిల్లలకు పుస్తకాలిచ్చే ఉద్యోగం నాది. ఆ గ్రంథాలయంలో కూడా పిల్లల సంపుటాలు చిరిగిపోతున్నాయని బీరువాలో పెట్టి తాళం వేసినది నేనే. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణంగారు మన పెదపాలెం దగ్గరి కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని రేవు రేవుకూ తీసుకువెళ్ళి పంచారని ప్రతి గ్రంథాలయ వారోత్సవంలోనూ ఉపన్యాసం చెప్పేవాడిని. తాళంచెవి మాత్రం నా జేబులో ఉండేది. ఆ తరువాత నువ్వు నన్ను ఏ పుస్తకమూ అడగలేదు. ఈ సంగతి నీకు గుర్తున్నదో లేదో, మే నెలలో ఆ ముద్రలు వేస్తున్నంతసేపూ నాకు గుర్తున్నది.

పంపదలచుకుంటే కొన్ని సంగతులు. పేరు ముందుగా నమోదు చేయించాలి, కుర్చీలు తక్కువ. కాగితం, నల్లసిరా పెన్నులు ఆ కొట్టులోనే కొను. ఆన్‌లైనులో ఒక డాలరు తక్కువకు దొరుకుతాయని నాకు తెలుసు. మధ్యాహ్నానికి పులిహోర కాకుండా చేతికి నూనె అంటనిదేదైనా పెట్టు, బొమ్మలు పాడవుతాయి. తోడుగా అల్లుడుగారు వెళ్ళినా సరేగాని, వీలైతే నువ్వు వెళ్ళు. వాడు గీస్తున్నప్పుడు వెనుక నిలబడి తొంగి చూడవద్దు. అరల దగ్గర తిరుగుతూ ఉండు.

వాడి ఎనిమిది గడుల కాగితం నా చందమామ మడతల్లో పడి ఇక్కడికి వచ్చేసింది. నిన్ననే చూశాను. అది తనకు కావాలేమో అడిగి చెప్పు. కావాలంటే సోమవారం రిజిస్టరు పోస్టులో పంపిస్తాను. అక్కరలేదంటే నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇట్లు,
నాన్న