పోయిన నెల లావెండర్ సబ్బులు, నా ముక్కు

పోయిన నెల నేను చేసిన లావెండర్ సబ్బులు తీసుకున్నవాళ్లలో కొందరు, ఈసారి మరీ ఘాటుగా ఉన్నాయి, తలనొప్పి వచ్చింది అని మెసేజ్ పెట్టారు. తప్పు నాదే. ఏం జరిగిందో దాచకుండా చెబుతాను.

ముక్కులో పాలిప్స్, అంటే మెత్తటి కండలు, పెరగడంతో రెండు నెలల క్రితం సైనస్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఊపిరి హాయిగా ఆడుతోంది. వాసన మాత్రం వెంటనే రాలేదు. వాసన పట్టే నరాల కొసలు ముక్కు లోపల బాగా పైన, సన్నటి సందులో ఉంటాయి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల పాటు వాపు, పక్కులు ఉంటాయి కాబట్టి గాలి అక్కడిదాకా చేరదు. డాక్టర్ ఈ సంగతి ముందే చెప్పారు. రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటూ ఓపిక పట్టాల్సింది. పట్టలేకపోయాను.

మూడో వారంలో మెంథాల్ సీసా మూత తీస్తే ముక్కులో చల్లగా తగిలింది. వాసన వచ్చేసిందని ఎంత సంబరపడ్డానో! అది వాసన కాదట. ఆ చల్లదనం తెలిపే నరం వేరు, వాసన పూర్తిగా పోయినవాళ్లకూ అది తెలుస్తుంది. ఆ ధైర్యంతోనే లావెండర్ నూనె కలిపాను. గిన్నె మీదికి వంగి పీల్చాను, ఏమీ లేదు. ఇంకొంచెం పోశాను. మళ్లీ ఇంకొంచెం. కొలతలు రాసిన కాగితం పక్కనే ఉంది, చూడలేదు. ఇన్నేళ్లూ ముక్కునే నమ్ముకుని చేశాను.

ఇప్పుడు వాసన కొంచెం కొంచెంగా వస్తోంది, కానీ తేడాగా. గులాబీ నూనె కాలిన రబ్బరులా అనిపిస్తుంది. దీన్ని పారోస్మియా అంటారు. డాక్టర్ సలహాతో గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం నూనెలు రోజుకు రెండుసార్లు, మనసు పెట్టి వాసన చూస్తున్నాను. 2009లో జర్మనీకి చెందిన థామస్ హమ్మెల్ అనే పరిశోధకుడి బృందం వాసన తగ్గినవాళ్లతో 12 వారాలు చేయించి చూసిన పద్ధతి ఇది. నిన్న పొద్దున నిమ్మ, నిమ్మలాగే వచ్చింది. సీసా పట్టుకుని ఏడ్చేశాను.

నా ముక్కు కుదుటపడేదాకా కొత్త సువాసనలు చేయను. పాతవి గ్రాముల తూకంతోనే కలుపుతాను, ప్యాక్ చేసేముందు మా అక్క వాసన చూస్తుంది. వాసన లేని సబ్బులు మామూలుగానే దొరుకుతాయి.

ఆ లావెండర్ సబ్బులు మాత్రం దయచేసి ఇక వాడకండి, నూనె ఎక్కువైతే చర్మం మండుతుంది. సగం వాడేసినా సరే, డబ్బు మొత్తం వెనక్కిస్తాను. రేపర్ ఫొటో ఒకటి పంపితే చాలు.