రాయల్టీ అంకెలు తేలేది నోటిఫికేషన్లలోనే

సంపాదకుడు గారికి,

గనుల బిల్లు సభలో పెట్టిన రోజు పత్రికల్లో పెద్ద వార్త. రెండు సభలూ ఆమోదిస్తే ఇంకో వార్త. రాష్ట్రపతి సంతకమై గెజిట్‌లో వచ్చాక ఇక అయిపోయిందనుకుంటాం. గనుల పక్కన బతికే మాలాంటి వాళ్లకు ఎంత వస్తుందో మాత్రం ఆ తర్వాత ప్రభుత్వం ఇచ్చే నిబంధనలు, నోటిఫికేషన్లలోనే తేలుతుంది.

గనుల చట్టానికి 2015లో చేసిన సవరణనే చూడండి. జనవరి 12న ఆర్డినెన్స్ తెచ్చారు. మార్చి 3న లోక్‌సభ బిల్లును ఆమోదించింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి (ఆ ఒక్క బిల్లును పరిశీలించేందుకు వేసిన ఎంపీల కమిటీకి) పంపింది గానీ, ఆ కమిటీకి దొరికింది వారం రోజులే. మార్చి 20న అక్కడా పాసైంది. అంతకుముందు 2011లో పెట్టిన బిల్లు స్థాయీ సంఘం (బిల్లులను లోతుగా పరిశీలించే శాశ్వత ఎంపీల కమిటీ) దాకా వెళ్లి, చివరికి లోక్‌సభ గడువు ముగియడంతో మురిగిపోయింది. అలా నాన్చమని నేననను. కానీ వారంలో గని ఊళ్ల మాట ఎవరు వింటారు?

2015 చట్టం జిల్లా ఖనిజ ట్రస్టులను తెచ్చింది. మంచి పనే. గనిని లీజుకు తీసుకున్నవాళ్లు తవ్విన ఖనిజానికి రాష్ట్రానికి కట్టేది రాయల్టీ. గని వల్ల నష్టపోయే ఊళ్ల కోసం దానికి అదనంగా కొంత ఈ ట్రస్టులకు కట్టాలి. ఎంత? పాత లీజులైతే రాయల్టీ మొత్తానికి మించకుండా, వేలంలో ఇచ్చిన కొత్తవైతే మూడో వంతుకు మించకుండా అని పార్లమెంటు రాసి, అసలు అంకెను కేంద్రానికి వదిలేసింది. నిబంధనల్లో కేంద్రం పాతవాటికి 30 శాతం, కొత్తవాటికి 10 శాతం అని ఖాయం చేసింది.

బొగ్గు రాయల్టీ ధరలో 14 శాతం. అదీ 2012లో నోటిఫికేషన్‌తో వచ్చిందే. అంటే వెయ్యి రూపాయల బొగ్గుకు రాష్ట్రానికి 140 రూపాయలు. ట్రస్టుకు పాత లీజు నుంచి 42, కొత్త లీజు నుంచి 14. పాత లీజు నుంచి 140 దాకా వసూలు చేసే వీలు చట్టంలోనే ఉంది. ఆ 140 కాస్తా 42 అయింది సభలో కాదు, నిబంధనల్లో. ఓపెన్ కాస్ట్ (పైనుంచి తవ్వే) గని పక్క ఊళ్లో బ్లాస్టింగ్‌కు గోడలు బీటలిస్తాయి, బోర్లు ఎండిపోతాయి, ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి నల్లటి దుమ్ము పేరుకుంటుంది. ఆ ఊరికి మంచినీళ్ల ట్యాంకు కట్టాలన్నా, ఆస్పత్రిలో డాక్టరును పెట్టాలన్నా ఈ డబ్బే దిక్కు.

ఈ నిబంధనలను, నోటిఫికేషన్లను ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలని అదే చట్టం చెబుతోంది. రెండు సభలూ ఒప్పుకుంటే మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. మన ఎంపీలు ఆ 30 రోజుల్లో నోరు విప్పాలి.

రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకుందని సుప్రీంకోర్టు 2024 జులై 25న 8–1 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. అయితే ఆ అధికారానికి పార్లమెంటు హద్దులు పెట్టవచ్చు. అలాంటి బిల్లు వస్తే నష్టపోయేది మన రాష్ట్ర ఖజానానే. బిల్లుల ముసాయిదాలను ముందే బయటపెట్టి కనీసం 30 రోజులు ప్రజల అభిప్రాయాలు తీసుకోవాలని 2014లో కేంద్రమే ఒక విధానం పెట్టుకుంది. గనుల బిల్లులకైనా దాన్ని తు.చ. తప్పకుండా పాటించాలి. ముసాయిదాను తెలుగులో గని ప్రాంత గ్రామ పంచాయతీలకు పంపాలి. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లాలి. ఆ తర్వాత వచ్చే నిబంధనల్లోని రేట్లను కూడా మీ పత్రిక బిల్లు వార్త వేసిన చోటే వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కొత్తగూడెం