బొబ్బిలి యుద్ధస్థలానికి బస్సు ఎక్కించే ముందు: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విజయనగరం జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారములు.

సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. ఎనిమిదో తరగతి పిల్లలను మొదటిసారి బొబ్బిలి యుద్ధస్థలానికి తీసుకువెళ్లినప్పుడు, బస్సు దిగగానే ఒక కుర్రవాడు "కోటేదండీ మాస్టారూ?" అని అడిగాడు. అక్కడున్నది ఆరుబయలు, ఒక స్మారక స్తంభం. మట్టిగోడల కోట ఏనాడో నేలమట్టమైందని నేను ముందుగా చెప్పలేదు. పావుగంటలో ఫొటోలు ముగిశాయి, పులిహోర పొట్లాలు విప్పారు. తప్పు పిల్లలది కాదు, నాది.

ఇటువంటి పర్యటనకు అనుమతి ఇచ్చేటప్పుడు బస్సు పత్రాలు, తల్లిదండ్రుల అంగీకారం చూస్తున్నట్లే, అంతకు ముందు వారంలో కనీసం మూడు పీరియడ్లు సన్నాహక పాఠాలు జరిగాయా అని కూడా చూడవలసిందిగా నా విన్నపం.

మన పిల్లలకు ఈ కథ కొత్త కాదు. బుర్రకథలోనో సినిమాలోనో విని ఉంటారు. కాబట్టి పాఠం అక్కడినుంచే మొదలుకావాలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు బలగం కలిసి బొబ్బిలి ప్రభువు రంగారావు కోటను ముట్టడించిన తరువాత, మూడో రాత్రి గుడారంలో విజయరామరాజును చంపినది తాండ్ర పాపారాయుడని మన జనశ్రుతి. కోట నుంచి తప్పించుకున్న నలుగురు సైనికులలో ఇద్దరు ఆ పని చేశారని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాత. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఎవరు ఎవరి దగ్గర విని చెప్పి ఉంటారని అడిగితే, వెనుక బెంచీ పిల్లలు కూడా నోరు విప్పుతారని అనుభవం మీద చెబుతున్నాను.

కోట పడిపోతుందని తేలాక లోపలి స్త్రీలను, పిల్లలను తమవారే చంపుకున్న ఘట్టం మాత్రం బస్సులో మైకు పట్టుకుని చెప్పదగినది కాదు. తరగతి గదిలో, నెమ్మదిగా, ప్రశ్నలకు సమయమిచ్చి చెప్పాలి. దాన్ని శౌర్యంగా పొగిడి వదిలేయడం నాకు సమ్మతం కాదు.

మరొక ఇబ్బంది మన జిల్లాకే ప్రత్యేకం. విజయనగరం పిల్లలు, బొబ్బిలి పిల్లలు ఒకే బస్సులో ఉంటే "మా రాజు, మీ రాజు" అనే మాట రాక మానదు. దానికి నాకు దొరికిన మందు పద్మనాభం. పేష్కష్ (కంపెనీకి కట్టవలసిన కప్పం) బకాయిల తగాదా ముదిరి 1794 జూలై 10న అక్కడ ఈస్టిండియా కంపెనీ సేనల చేతిలో విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు మరణించాడు. అంతకు ముప్పై ఏడేళ్ల ముందు బొబ్బిలిలో పరాయి ఫిరంగుల అండతో గెలిచిన సంస్థానమే పరాయి ఫిరంగులకు ఓడిందని తెలిశాక, పిల్లల తగవు దానంతటదే చల్లారేది. పద్మనాభం ఇప్పుడు విశాఖ జిల్లాలో ఉందన్న కారణంతో ఆ పర్యటనకు అనుమతి ఆపవద్దని ప్రార్థన.

సంక్రాంతి సెలవులకు ముందే ఉత్తర్వు వెలువడితే, జనవరి 24కి బొబ్బిలి వెళ్లదలచిన పాఠశాలలకు వ్యవధి ఉంటుంది. పాఠాల చిత్తుప్రతి, చేతితో గీసిన ముట్టడి పటం నా వద్ద ఉన్నాయి. మీరు కోరితే కార్యాలయానికి తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
విజయనగరం